కరెంటు పోతే కోలుకున్న చేపలు

2011, సకల జనుల సమ్మె రోజులు. బొగ్గు బావులు బంద్, బస్సులు బంద్, పిల్లల బళ్ళు బంద్. కరెంటు మాత్రం బుద్ధి పుట్టినప్పుడు వచ్చి, పుట్టనప్పుడు పోయేది. జగిత్యాలలో నాది అక్వేరియం దుకాణం. తినే చేపలు కాదు, చూసుకునే చేపలు. “ఇవి కూర వండితే రుచి ఉంటయా?” అని నన్ను అడగనివాడు పాపాత్ముడు.

మంచినీటి ట్యాంకులు చాలా ఇళ్ళలో ఉండేవి. ఉప్పునీటిది, అంటే మెరైన్ ట్యాంకు, పెట్టుకునే ధైర్యం కొందరికే. సముద్రం మనకు ఆమడల దూరం. మెరైన్ సాల్ట్ అనే ప్రత్యేకమైన ఉప్పు కలిపి గాజుపెట్టెలో మనమే దాన్ని తయారుచేయాలి. ఉప్పు పాళ్ళు తప్పినా, చేపల మలం నుంచి పుట్టే అమ్మోనియా పెరిగినా చేపలు తట్టుకోవు. కోరుట్లలో చీరల దుకాణం నడిపే లక్ష్మక్క గిరాకీ కోసమని అలాంటి ట్యాంకు పెట్టించుకుంది. అందులోని రెండు క్లౌన్ ఫిష్‌లతో చుట్టరికం మాత్రం ఆమె చిన్నకూతురు అక్షయదే.

ఒకనాటి మధ్యాహ్నం లక్ష్మక్క ఫోన్ చేసింది.

“తమ్మీ, చేపలకు పానం మంచిగ లేదు. మూలకు వోయి దాసుకుంటున్నయి. ఒకటే వణుకుడు. రంగు సుత దిగింది.”

నా అనుమానం అమ్మోనియా మీదికే పోయింది. హైదరాబాద్ నుంచి ఉప్పు రాక, నీళ్ళు మార్చడం ఆగిపోయింది మరి. మేత ఆపమన్నాను.

“ఆపిన. గని గీ చోద్యం ఇను. కరెంటు పోతే మంచిగ తిరుగుతున్నయి. అచ్చిందంటే మల్ల మూలకే.”

నా వృత్తిలో ఇది తలకిందుల మాట. కరెంటు పోతే గాలి పంపు ఆగుతుంది, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. అందుకే అప్పుడు ప్లాస్టిక్ మగ్గుతో నీళ్ళు ముంచి ఎత్తునుంచి పోయమంటాను. పోస్తున్నారా అని అడిగాను.

“మగ్గేడిది? బళ్ళు లెవ్వుగదా, మా అక్షయ పొద్దంత గాడనే. చెయ్యి వెట్టి కలుపుతున్నది. నిన్న కలుపంగనే కరెంటు అచ్చిందట, చెయ్యి చిమచిమ అన్నదమ్మా అన్నది. ఉప్పునీళ్ళు గద బిడ్డా, యాడనన్న గీసుకపోయిందేమో అన్న.”

ఆ చిమచిమ ఉప్పుది కాదు. నేను సిరిసిల్లలో మరమగ్గాల మధ్య పెరిగినవాణ్ణి. షాక్ కొట్టి మగ్గం మీదికే ఒరిగిపోయిన మనిషిని చిన్నప్పుడు చూశాను. ట్యాంకులో నీళ్ళను వెచ్చగా ఉంచే హీటర్ ఉంటుంది, గాజుగొట్టంలో. ఆ గాజు చిట్లితే కరెంటు నీళ్ళలోకి దిగుతుంది. ఉప్పునీళ్ళయితే మరీ ప్రమాదం.

“అక్కా, పిల్లను దూరం జరుపు” అంటుండగానే ఫోన్ కట్టయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్. చార్జింగ్ అయిపోయింది. కరెంటు వస్తేగానీ ఆ ఫోన్ మోగదు. వచ్చే క్షణానికి పిల్ల చెయ్యి నీళ్ళలో ఉంటే?

బండి తీశాను. దారి పొడుగునా ఎక్కడ బల్బు వెలుగుతుందోనని కొట్లవైపే చూస్తూ నడిపాను. సమ్మె మొదలైనప్పటినుంచీ కరెంటు రావట్లేదని తిట్టినవాణ్ణే, ఆరోజు “కొండగట్టు అంజన్నా, ఇంకింత సేపు రానియ్యకు” అని మొక్కాను. మేడిపల్లి దగ్గర రోడ్డు మీద సమ్మెకారుల వంటావార్పు. అడ్డంగా పొయ్యిలు, గుండిగల్లో ఉడుకుతున్న అన్నం. ఒక పెద్దాయన నా బండి హ్యాండిల్ పట్టుకున్నాడు.

“ఏడికి కొడుకా? గింత తిని పో.”

“కాకా, కోరుట్లల ఒక పిల్ల కరెంటున్న నీళ్ళల్ల చెయ్యి వెడుతున్నది. వాళ్ళకు ఎరుకలేదు.”

ఆయన చప్పున హ్యాండిల్ వదిలేశాడు. “పోనియ్యుండ్రిరా!” అని కేకేశాడు. నలుగురు కలిసి బండిని ఎత్తి పొయ్యిలు దాటించారు.

కోరుట్లలో దుకాణం షట్టరు సగం దించి ఉంది. వంగి దూరాను. లోపల కరెంటు లేదు. లక్ష్మక్క ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని చీరలు మడతపెడుతోంది. అక్షయ ఉత్త కాళ్ళతో తడి బండల మీద నిలబడి, మోచేతిదాకా ట్యాంకులో పెట్టి కలుపుతోంది. ప్లగ్గు వెతికే తెలివి నాకు లేకపోయింది. పిల్లను నడుము పట్టి వెనక్కి లాగేశాను. అది బెదిరి ఏడ్చింది.

“ఏందిరా తమ్మీ, పిచ్చి లేసిందా?” అని లక్ష్మక్క లేచింది. ప్లగ్గులన్నీ పీకేశాకే హీటర్ సంగతి చెప్పాను.

కాసేపటికి కరెంటు వచ్చింది. ఇద్దరినీ దూరంగా నిలబెట్టి, స్టూలెక్కి, హీటర్ ప్లగ్గు మళ్ళీ పెట్టి, టెస్టర్ కొనను నీళ్ళకు ఆనించాను. టెస్టర్ ఎర్రగా వెలిగింది.

నిన్న పిల్ల ఆ స్టూలు మీద నిలబడి కలిపిందట. ప్లాస్టిక్‌లోంచి కరెంటు నేలకు దిగదు, చిమచిమతో పోయింది అందుకే. లక్ష్మక్క కూతురి చెయ్యి పట్టుకుని ఒక్కో వేలూ తడిమి చూసింది. “ఉప్పు అన్న తమ్మీ... నేనే ఉప్పు అన్న” అంది.

నీళ్ళు ఆవిరై మట్టం తగ్గడంతో హీటర్ బయటపడింది. వేడి గాజు మీద చల్లటి నీళ్ళు పడి అది చిట్లింది. చేపలు ఒళ్ళంతా నీళ్ళలోనే ఉంటాయి కాబట్టి వణుకుతూనైనా బతికాయి. నేల మీద నిలబడి చెయ్యి పెట్టే మనిషికి ఆ వీలు లేదు. హీటర్ తీసేశాక చేపలు తేరుకున్నాయి.

ఇప్పుడు కూడా చేపకు బాగాలేదని ఫోన్ వస్తే ఉప్పెంత, అమ్మోనియా ఎంత అని అడుగుతాను. కానీ ముందు, “ఇంట్ల పిల్లలున్నరా? ఎవ్వలు నీళ్ళల్ల చెయ్యి వెట్టకుండ్రి, ప్లగ్గులు పీకుండ్రి” అంటాను. కొందరు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, పీకినమని వాళ్ళు చెప్పేదాకా నేను చేప పేరెత్తను.