రింగు కింద మిరపకాయలు

గుంటూరులో ఆ రోజు మా కాలేజీ జట్టు ఇరవై ఒక్క పాయింట్లు చేసింది. అవతలి జట్టు డెబ్భై ఎనిమిది చేసింది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అప్పట్లో ఆ మంట పిల్లల మీద, మా డ్రిల్లు మాస్టారి మీద. ఇప్పుడు ఎవరి మీదో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మాది గుంటూరుకి గంటన్నర దూరంలో ఉన్న ఊరు. పత్తి, మిరప తప్ప మరో మాట వినపడదు. అలాంటి చోట బాస్కెట్‌బాల్ ఏమిటని బయటివాళ్ళు నవ్వుతారు. క్రికెట్‌కి సరిపడా జాగా మా డిగ్రీ కాలేజీకి లేదు, అంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు. ఉన్న కాస్త జాగాలో ఎప్పుడో ఊరి రైతులు తలా కొన్ని సిమెంటు బస్తాలిచ్చి కోర్టు పోయించారు. మా నాన్నా ఇచ్చాడు. నేను ఆ కాలేజీలోనే చదివాను, ఆ కోర్టులోనే ఆడాను. ఆట పెద్దగా రాలేదు, నోరు మాత్రం బాగా వచ్చింది. చదువయ్యాక సేద్యంలో పడ్డా, మా జట్టు ఎక్కడ ఆడితే అక్కడికి పోయి గొంతు చించుకునే అలవాటు పోలేదు. నాలాంటివాళ్ళు ఊళ్ళో ఇరవై మందిదాకా ఉంటారు.

మా జట్టు ఆడే తీరు వేరు. బంతి నాలుగు చేతులు మారుతుంది, అయిదో చెయ్యి దూరం నుంచే రింగులోకి వేస్తుంది. పడితే మూడు పాయింట్లు. రింగు కిందికి దూసుకుపోవడం, ఎదుటివాడి భుజాన్ని నెట్టుకుంటూ వెయ్యడం, తప్పిన బంతి కోసం ఎగరడం, ఇవేవీ ఉండవు. మా చుట్టుపక్కల పోటీల్లో ఈ ఆటకి తిరుగు లేదు. పొదిలిలో ఒకసారి ఫైనల్ గెలిచినప్పుడు ఊరిదాకా డప్పులు కొట్టించుకుంటూ వచ్చాం. "మనోళ్ళు చెమట పట్టకుండా కొడతార్రా" అని టీకొట్ల దగ్గర కాలరు ఎగరేసుకునేవాళ్ళం. ఆ ఆట ఎలా పుట్టిందని ఒక్కరం కూడా అడగలేదు.

గుంటూరు జట్టు ఒక ఇంజనీరింగ్ కాలేజీది. అందరూ పొడగరులు. మా ఆట గుట్టు వాళ్ళకి అయిదు నిమిషాల్లో తెలిసిపోయింది. దూరం నుంచి వేసే మా ముగ్గురి ముందూ ముగ్గురు చేతులెత్తి నిలబడ్డారు, అంతే. మావాళ్ళు ఆ చేతుల మీదుగా విసరడం, బంతి రింగుకి తగిలి ఎగిరిపోవడం, వాళ్ళు అందుకుని ఇటు పరిగెత్తి వెయ్యడం. మళ్ళీ అదే. మా కెప్టెను మూడో ఏడాది కుర్రాడు, మంచి చురుకైనవాడు. ఒకసారి వాడికి రింగుదాకా దారి బారుగా ఖాళీ దొరికింది. ఎదురు ఒక్కడూ లేడు. రెండంగలు వేస్తే రింగు. వాడు రింగు ముందున్న గీత దగ్గరికి వచ్చి, కాలవ గట్టు మీద ఆగినట్టు ఆగిపోయాడు. వెనక్కి తిరిగి బంతి వేరేవాడికి ఇచ్చేశాడు.

"లోపలికి పోరా! లోపలికి పో!" అని అరిచి అరిచి నా గొంతు పోయింది. పక్క వరసలో కూర్చున్న గుంటూరు కుర్రాడొకడు నావైపు వంగి, "ఏమండీ, రింగు కింద దెయ్యం ఏమన్నా ఉందా మీవాళ్ళకి?" అన్నాడు. వాడి స్నేహితులు పగలబడి నవ్వారు. ఆట ఓడిపోతే అరిగించుకోగలను గానీ, నవ్వితే నాకు అరగదు.

తిరుగు దారిలో నల్లపాడు దగ్గర టీకి ఆగాం. మాస్టారు వ్యానుకి కాస్త ఎడంగా, చేతిలో గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన మా ఊరి మనిషే. వాళ్ళ నాన్నగారు ఇంటింటికీ తిరిగి పరుపులు కుట్టేవారు. మాస్టారు ఇరవై రెండేళ్ళుగా మా కాలేజీలో డ్రిల్లు మాస్టారు, అదీ కాంట్రాక్టు మీద. ప్రతి జూన్‌లోనూ యాజమాన్యం దయ తలిచి కాగితం ఇస్తే ఆ ఏడు ఉద్యోగం ఉన్నట్టు. నాకు బంతి పట్టుకోవడం నేర్పింది ఆయనే. చదువుకునే రోజుల్లో ఆయన ముందు నిలబడి మాట్లాడాలంటే నాకు భయంగా ఉండేది. ఆ రోజు ఆ భయం లేదు.

"ఏందండీ మాస్టారూ ఈ ఆట? ఇన్నేళ్ళ నుంచీ రింగు కిందికి పోవడం కూడా నేర్పలేదా మీరు?" అన్నాను, పిల్లలంతా వింటుండగా.

ఆయన నా మొహంలోకి చూశారు. "చల్లారిపోద్ది, టీ తాగరా" అన్నారు.

ఆ శాంతమే నాకు ఎక్కడలేని ఉక్రోషం తెప్పించింది. ఇంటికి చేరకముందే పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పెద్ద మెసేజీ పెట్టాను. మాస్టారికి వయసైపోయిందనీ, పాత చింతకాయ పచ్చడి లాంటి ఆటతో పిల్లల్ని ముంచుతున్నారనీ, ఊరి పరువు గుంటూరు నడిబజార్లో పోయిందనీ రాశాను. నిన్నటిదాకా అదే ఆటకి డప్పులు కొట్టించినవాళ్ళంతా నా మెసేజీ కింద మెచ్చుకుంటూ బొటనవేళ్ళు పెట్టారు. ఒకడు మాస్టార్ని మార్చాలన్నాడు. ఇంకొకడు అర్జీ పెడదామన్నాడు. తెలుగు బాగా రాస్తానని ఆ అర్జీ పని నాకే అప్పగించారు. పొంగిపోయి రాశాను. ఆ రాత్రికే గ్రూపులో నలభై సంతకాలు పడ్డాయి.

మర్నాడు పొద్దున నా కాయలు తిరగేయడానికి కాలేజీ కోర్టుకి వెళ్ళాను.

ఇది బయటివాళ్ళకి చెప్పాలి. కోసిన మిరపకాయని పది పన్నెండు రోజులు ఎండలో ఆరబెట్టాలి. ఒకప్పుడు చేలోనే మట్టి కళ్ళం చేసి ఆరబోసేవాళ్ళం. ఇప్పుడు కాయకి మట్టి అంటితే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. కాలేజీ కోర్టంటే నున్నటి సిమెంటు, చుట్టూ ప్రహరీ, మేకలు రావు. పైగా అది మనం పోయించిందేగా. అలా పదేళ్ళ నుంచీ జనవరిలో మొదలుపెట్టి ఏప్రిల్ దాకా నలుగురైదుగురం అక్కడే ఆరబోస్తున్నాం. కోర్టు నడిమధ్య నెర్రెలు విచ్చింది, ఆ నెర్రెల్లోకి గింజ రాలిపోతుందని మధ్య వదిలేసి రెండు చివర్లా, రెండు రింగుల కిందా పోస్తాం. పిల్లలు మధ్యలో ఆడుకుంటారు, కాయల్లో పడ్డ బంతిని కర్రతో లాక్కుంటారు. వానాకాలం ఆ కోర్టు నాచు పట్టి జారుతుంది. మిగిలిన రోజులు పరీక్షలు తినేస్తాయి. పిల్లలకి ఆటకి దొరికేవి ఆ నాలుగు నెలలే.

నేను వెళ్ళేసరికి కెప్టెను కుర్రాడు ఒక్కడే బంతి వేసుకుంటున్నాడు. నన్ను చూసి పలకరించలేదు. నిన్నటి మంట ఆరక నేనే కదిలించాను.

"ఏరా, అంత ఖాళీ దొరికితే ఎందుకు ఆగిపోయావు?"

"అలవాటన్నా" అన్నాడు, బంతి ఆపకుండా. "ఇక్కడ గీత దాటితే కాయ తొక్కుతామని తిడతారుగా మీరు. మొన్న కూడా మీరే తిట్టారు."

"ఆడలేక మద్దెల ఓడన్నాడంట నీలాంటోడు. పో, కాలేజీకి పో" అని కసిరాను. వాడు బంతి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

వాడు వెళ్ళాక ఒక్కణ్ణే నిలబడి చూశాను. రింగు కింద ఎర్రగా నా కాయలు. సరిగ్గా ఆ గీత దాకా. గుంటూరులో ఆ కుర్రాడు కాళ్ళు బిగదీసుకుని ఆగిన గీత అది. పిల్లలు దూరం నుంచే ఎందుకు వేస్తారో, తప్పిన బంతి కోసం ఎందుకు ఎగరరో, ఒకరి మీద ఒకరు పడకుండా దూరదూరంగా ఎందుకు ఆడతారో ఒక్కొక్కటే అర్థమైంది. ఏడెనిమిదేళ్ళ కిందట మాస్టారు మా నాన్న దగ్గరికి వచ్చి ఒక్క రింగన్నా వదిలిపెట్టమని అడిగారు. నేను పక్కనే ఉన్నాను. "కోర్టు ఎవరు పోయించారు మాస్టారూ?" అన్నాడు మా నాన్న. అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వి వెళ్ళిపోయారు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అడక్కుండా, మేం వదిలిన ఆ మధ్య జాగాలోనే, లోపలికి పోకుండా గెలిచే ఆట ఒకటి కనిపెట్టి పిల్లలకి నేర్పారు. దాన్నే మేం మా గొప్ప అనుకున్నాం.

రెండు రోజుల తర్వాత ప్రిన్సిపాల్ గదిలో మీటింగు పెట్టారు. కరస్పాండెంటు గారు, ప్రిన్సిపాల్ గారు, అర్జీ పెట్టినవాళ్ళ తరఫున మేం ఆరుగురం. ఆ ఆరుగురిలో నాతో కలిపి ముగ్గురి కాయలు కోర్టులో ఎండుతున్నాయి. మాస్టారు గోడవార కుర్చీలో కూర్చున్నారు. చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చారు.

"మాస్టారూ, ఈ అర్జీ చూశారుగా. రింగు దగ్గరికెళ్ళి ఆడటం మన పిల్లలకి ఎందుకు రాలేదండీ?" అని కరస్పాండెంటు గారు మర్యాదగానే అడిగారు.

మాస్టారు మా ఆరుగురి వైపు ఒకసారి చూశారు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. మేం ముగ్గురం చేతులు కదపలేదు. నాకు జవాబు తెలుసు. గొంతుదాకా వచ్చింది. కుర్చీలో ముందుకి జరిగాను కూడా. అప్పుడు చేలో ఉన్న మూడో కోత గుర్తొచ్చింది. ఈ మాట బయటపడితే కరస్పాండెంటు గారు ఆ రోజే కోర్టు ఖాళీ చెయ్యమంటారు. పండిన కాయ చెట్టునే ఉంది, ఎక్కడ పొయ్యాలి? అంతే, అంత చిన్న ఆలోచన. మళ్ళీ వెనక్కి జారి కూర్చున్నాను.

"నేర్పాల్సిందండి. నేర్పలేకపోయాను" అన్నారు మాస్టారు.

నెలాఖరుతో మానుకోమన్నారు. జూన్ దాకా కూడా ఆగలేదు. బయటికొచ్చాక మావాళ్ళలో ఒకడు, ఆయనే ఒప్పుకున్నాడు కాబట్టి మన తప్పేం లేదన్నాడు. నేను తలూపాను. ఆ తలూపడం తలుచుకుంటే నా మీద నాకే రోత.

నెలాఖరున మధ్యాహ్నం పడమట మబ్బు పట్టింది. మిరప ఆరబోసినవాడికి అకాల వాన కన్నా శత్రువు లేడు. బండి మీద కోర్టుకి పరిగెత్తాను. కూలీలు భోజనాలకి పోయారు, నేనొక్కణ్ణే. కప్పే టార్పాలిన్ పట్టాలు బరువు, గాలి లేచింది, ఒక కొస పట్టుకుంటే ఇంకో కొస ఎగిరిపోతోంది. ఆటసామాన్ల గది తాళాలు అప్పజెప్పడానికి వచ్చినట్టున్నారు, మాస్టారు వరండాలోంచి చూసి దిగి వచ్చారు.

"ఏరా, చూస్తావేంది, ఆ కొస లాగు" అన్నారు.

ఇద్దరం లాగాం. ఆయన పాంటు మోకాళ్ళదాకా మడుచుకుని, చెప్పులు విప్పి, ఒక్క కాయ నలగకుండా వేళ్ళ మీద నడుస్తూ పట్టా పరిచారు. నాలుగు మూలలా రాళ్ళు పెట్టారు. చినుకులు మొదలయ్యేసరికి నా రాశి మొత్తం కప్పేశాం. పరిగెత్తి వరండాలోకి చేరాం. ఆయన రుమాలుతో మెడ తుడుచుకున్నారు. చేతులకి మిరప ఘాటు అంటింది, కళ్ళు తుడుచుకోకుండా జాగ్రత్తపడుతున్నారు.

నేనే అన్నాను. "ఆ రోజు మీరొక్క మాట చెప్పుంటే సరిపోయేది మాస్టారూ. కాయల సంగతి."

"నేను చెప్తే సాకులు చెప్తున్నాడంటారు" అన్నారు. వాన వైపే చూస్తున్నారు. "నువ్వు చెప్తావనుకున్నాన్రా. కుర్చీలో ముందుకి జరిగావు గదా."

నేను తడిసిన చొక్కా అంచు పిండుకున్నాను.

వాన పది నిమిషాల్లో వెలిసింది. ఆయన చెప్పులు వేసుకున్నారు. "ఎండ రాగానే పట్టాలు తియ్యి, చెమ్మకి కాయ నల్లబడుద్ది" అని చెప్పి గేటు వైపు నడిచారు. పోతూ వెనక్కి చూడలేదు. ఇప్పుడు ఆయన బస్టాండు పక్కన అల్లుడి సెల్‌ఫోన్ కొట్లో కూర్చుంటున్నారు. నేను ఆ దారిన పోవడం మానేశాను. గ్రూపులో ఇప్పటికీ జట్టు ఓడినప్పుడల్లా ఎవడో ఒకడు, అంతా ఆ పాత మాస్టారు పాడు చేసిందే అని రాస్తాడు. చదివి ఊరుకుంటాను.

వాన తర్వాత మూడు ఎండలు గట్టిగా కాశాయి. నాలుగో రోజు కాయ బస్తాలకెత్తాను. కోర్టు ఊడ్చి శుభ్రం చేయించాను. సాయంత్రం పిల్లలొచ్చారు. రింగు కింద ఖాళీ చూసి కాసేపు నమ్మలేనట్టు గీత దగ్గరే నిలబడ్డారు. తర్వాత కెప్టెను కుర్రాడు బంతి కొట్టుకుంటూ లోపలికి పోయి, రింగుకి ఆనించినంత దగ్గర్నుంచి వేశాడు. తప్పింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ తప్పింది. మిగతావాళ్ళు కేకలు వేస్తూ వాడి వెంట లోపలికి ఉరికారు. చీకటి పడేదాకా ఆడారు. నేను వరండా గట్టు మీద కూర్చుని చూశాను.

మర్నాడు పొద్దున్నే మూడో కోత తెచ్చి రింగు కింద పోశాను.