నల్ల పరదా వెనక రాగి బోర్డు

జనగామలో మేం అద్దెకున్న ఇల్లు ఒక కిరాణా వ్యాపారిది. కింద దుకాణం, దాని వెనక వాళ్ల కాపురం, మేడ మీద మావి రెండు గదులు. నా భర్తకు భూపాలపల్లి బొగ్గు గనిలో ఉద్యోగం, ఆదివారాలు వచ్చి వెళ్లేవాడు. నేను ఊళ్లోనే ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసి, మధ్యాహ్నానికి ఇల్లు చేరేదాన్ని.

పెద్దవంగరలో మా బాపు బోరు మోటారు నీళ్లందక ఉత్తగా తిరిగి మళ్లీ కాలిపోయింది. నీళ్లు తగ్గగానే మోటారును ఆపేసి, బాపు ఫోనుకు కబురు పంపే ఎలక్ట్రానిక్ బోర్డు చేద్దామనుకున్నాను. స్టార్టర్ డబ్బాలో మిగిలిన కాస్త జాగాలో అది పట్టాలంటే కరెంటు పారే రాగి గీతలు బోర్డుకు రెండు వైపులా ఉండాలి. ఇంట్లోనే మొదలుపెట్టాను.

రాగి పలకకు రెండు వైపులా నీలిరంగు ఫిల్మ్ అంటించి ఇస్త్రీ పెట్టెతో అదమాలి. గీతలు అచ్చువేసిన పారదర్శక కాగితాల మధ్య పెట్టి ప్రత్యేకమైన లైటు చూపించాలి. లైటు తగిలినచోట ఫిల్మ్ గట్టిపడుతుంది, తగలనిచోట చాకలి సోడా కలిపిన నీళ్లలో కరిగిపోతుంది. ఆ తర్వాత బయటపడ్డ రాగిని గోధుమరంగు మందునీళ్లు తినేస్తాయి. పగటి వెలుతురు మాత్రం ఫిల్మ్ మీద అస్సలు పడకూడదు. అందుకే మెట్లవైపు కిటికీకి నల్లగుడ్డ కట్టి, పసుపు బల్బు పెట్టుకున్నాను.

అప్పటినుంచి ఇంటి యజమానురాలు మిరపకాయలు ఎండబెట్టే నెపంతో తరచూ మేడెక్కేది. “ఏం వాసన బిడ్డా గిది?” అని అడిగి, నేను చెప్పేది వింటూ నా భుజం మీదుగా లోపలికి చూసేది. బాత్రూంలో తుప్పురంగు మరకలు చూసిన రోజు ఏమీ అడగలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

మొదటి పలక బాగానే వచ్చింది, గీతల్లోనే చిన్న తప్పు. దిద్దుకుని మళ్లీ చేస్తే సోడా నీళ్లలో ఫిల్మ్ కరగలేదు. ఒకవైపు మొత్తం నీలంగానే మిగిలింది. పాత సరుకు అంటగట్టాడని ఫిల్మ్ అమ్మినవాణ్ని అనుమానించి కొత్త చుట్ట తెప్పించాను. మళ్లీ అదే తీరు. పొద్దున ఫిల్మ్ అంటించిన పలకను బల్ల మీదే ఉంచి కాలేజీకి వెళ్లేదాన్ని. ఒకరోజు తిరిగొచ్చి చూస్తే పరదా అంచు కిటికీ చువ్వల బయటికి వేలాడుతోంది. నేను ఎప్పుడూ దాన్ని లోపలికే దోపేదాన్ని.

ఎవరో పరదా ఎత్తి చూస్తున్నారు. ఆ వెలుతురుకే ఫిల్మ్ గట్టిపడుతోంది.

ఆ వారం మధ్యలోనే ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే నా భర్త.

“చెప్పకుండ వచ్చినవేంది?”

“లీవు దొరికింది.” చెప్పులు విప్పకుండానే లోపలి గదిలోకి వెళ్లాడు. బాత్రూం తలుపు తోశాడు. మంచం వైపు చూశాడు.

“ఎవరి కోసం ఎతుకుతున్నవ్?”

తలుపు వెనక కూడా చూశాడు. నేనే మళ్లీ అడిగాను. “నీకెవరు ఫోన్ చేసిండ్రు?”

“ఇంటామె. పగటిపూట తలుపులేసుకొని ఉంటున్నవట. లోపట మగమనిషి మాటలు ఇనపడ్తున్నయట.”

“ఫోన్ల వీడియో పెట్టుకొని పని నేర్చుకుంటున్న. గవి ఆ మాటలు.”

“ఆమె మాట నేను నమ్మలే.”

“నమ్మకుంటే బస్సెక్కి ఎందుకొచ్చినవ్?”

అతను కుర్చీలో కూలబడ్డాడు. నేను తిన్నగా కిందికి దిగాను. ఆమె పప్పు చెరుగుతోంది.

“మా కిటికీలకెల్లి చూసినవా పెద్దమ్మా?”

“చూసిన బిడ్డా, అబద్ధమెందుకు? ఇంతకుముందు ఆ గదుల్ల ఉన్నోడు కల్తీ కారం కలిపిండు. పోలీసులొచ్చి మా దుకాణం సుత ఎతికిండ్రు. నీ బల్ల మీద రేకులు బంగారం లెక్క మెరుస్తున్నయ్. నేనేమనుకోవాలె?”

“నన్నే అడగొచ్చు గదా.”

“అడిగితే ఎవరన్న నిజం చెప్తరా?”

చేసి చూపిస్తానని ఆమెను పైకి రమ్మన్నాను. స్టూలు మీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా చూసింది. నేనిచ్చిన చాయ్ ముట్టలేదు. రాగి కరుగుతుంటే మాత్రం ముందుకు వంగి, “ఈ నీళ్లు మోరీల పోస్తే మా పైపులను తినవా?” అంది. పోయనని, డబ్బాలో పట్టి ఉంచుతానని చూపించాక కాసేపు ఆ డబ్బా మూత వాసన చూసి వెళ్లిపోయింది.

రెండు వైపుల గీతలనూ కలిపే రంధ్రాలు నా భర్తే వేశాడు. వెలుతురుకు పట్టి చూస్తే ఇటు రాగి చుక్కలూ అటు చుక్కలూ సరిగ్గా కలిశాయి. దాని మీద భాగాలు అతికించి, ఆదివారం పెద్దవంగర వెళ్లి బిగించాం. నీళ్లు తగ్గగానే మోటారు ఆగింది, బాపు జేబులో ఫోను మోగింది. ఆయన మురిసిపోయి పక్క పొలంవాళ్లను కేకేశాడు.

తిరుగు బస్సులో నాకు ఒకటి తోచింది. “ఆమెకు నీ నంబరెట్ల దొరికింది?”

“ఇల్లు తీసుకున్ననాడు నేనే ఇచ్చిన. జర చూస్తుండుమన్న.”

“ఇంటినా, నన్నా?”

“ఒక్కదానివే ఉంటవని...” అని మాట సగంలో ఆపేశాడు. నేను నమ్మలేదు.

ఆ ఎండాకాలం ఇల్లు మారాం. కొత్త ఇంటివాళ్లు నంబరు అడిగినప్పుడు నాది ఒక్కటే చెప్పాను. పక్కనే నిలబడ్డ నా భర్త నా ముఖంలోకి చూశాడు. తన నంబరు మాత్రం చెప్పలేదు.