వజీరున్నీసాకు రెండో స్నానం

చాంద్బీ ఎడమచేతికి గుడ్డ చుట్టుకుని, కప్పిన దుప్పటి తీయకుండానే దాని కింద చెయ్యి పెట్టి శవం పొట్టను మెల్లగా నొక్కింది. గుసుల్‌లో, అంటే చనిపోయినవాళ్లకు చేయించే చివరి స్నానంలో, అది మొదటి పని. బావిలో పడి చనిపోయిందన్నారు. వజీరున్నీసా నోటి నుంచి చుక్క నీళ్లు రాలేదు.

రేగాకు వేసి కాచిన నీళ్లు పోసింది. మూడు జడలు అల్లడానికి తడి జుట్టు పక్కకు తీసేసరికి మెడకు రెండువైపులా వేళ్ల గుర్తులు నల్లగా కమిలి కనిపించాయి. గోరు దిగినచోట చర్మం చీలింది.

ఇది డెబ్బై ఎనిమిదిలో, ఉదయగిరిలో. అక్కడి ముస్లిం ఆడవాళ్లకు ఏళ్ల తరబడి చాంద్బీయే గుసుల్ చేయించేది. పని నేర్పిన అత్త పెట్టిన షరతు ఒకటే: శవం మీద చూసింది నీళ్లతోనే పోవాలి. వాతలు, పుండ్లు, చెప్పుకోలేని రోగాలు చాంద్బీ ఎన్నో చూసింది. ఏ ఇంటి గుట్టూ ఆమె నోట రాలేదు. అందుకే నమ్మి పిలిచేవారు.

ఇప్పుడు ఊరుకుంటే మధ్యాహ్నం నమాజు కాగానే ఆ గుర్తులు మట్టిలోకి పోతాయి. చెబితే పోలీసులు శవాన్ని ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకెళ్లి కోయిస్తారు. శవానికీ నొప్పి తెలుస్తుందని ఆమె నమ్మకం.

తడిక అవతల నుంచి వజీరున్నీసా మొగుడు ఖలీలుల్లా అరిచాడు.

"ఏంది ఖాలా, పెళ్లికూతుర్ని చేస్తుండావా? తెమలాల."

చాంద్బీ వజీరున్నీసా తల్లిని పిలిచింది. "రసూల్‌బీ, నీ బిడ్డ బావిలో పడి చావలా. గొంతు పిసికినారు. వచ్చి చూడు."

ఖలీలుల్లా తడికను తన్ని లోపలికొచ్చాడు. "శవాలు కడిగేదానివి, నీకెందుకే?" అంటూ జుట్టు పట్టి ఆమె ముఖాన్ని రాతి తొట్టికేసి కొట్టాడు. రెండు పళ్లు ఊడి నెత్తురు కారింది. మళ్లీ కొట్టబోతుంటే రసూల్‌బీ నీళ్ల చెంబుతో అతని నుదురు పగలగొట్టింది. మగవాళ్లు వచ్చి పట్టుకున్నారు.

మసీదు పెద్ద వలి సాహెబు బయటనుంచే అడిగాడు. "మీ అత్త మాట మరిచినావా చాంద్బీ?"

"మరవలా సాహెబూ. తప్పేనేమో. నేనైతే ఈ బిడ్డకు కఫన్ గుడ్డ చుట్టి ముడి వేయను."

కబురు అంది పోలీసులు వచ్చారు. ఖలీలుల్లాను పట్టుకెళ్లారు. శవాన్ని జీపులో ఆత్మకూరు ఆసుపత్రికి పంపారు. ఆ తరువాత చాలా ఇళ్లవాళ్లు చాంద్బీని పిలవడం మానుకున్నారు.

పంపిన మర్నాడు శవం చాపలో తిరిగొచ్చింది. గొంతు నుంచి పొత్తికడుపు దాకా కోసి, పురికొసతో కుట్టారు.

"చూడు, నా బిడ్డను గోనెసంచి కుట్టినట్టు కుట్టినారు," అంది రసూల్‌బీ.

"నేనే చేయించినాను," అంది చాంద్బీ, వాచిన నోటితో. "జరుగు. నీళ్లు చల్లారిపోతాయి."

దుప్పటి కింద చెయ్యి పెట్టి కుట్ల మీద గట్టిగా రుద్దకుండా కడిగింది. నెత్తురు ఊరేచోట దూది పెట్టింది. మూడు జడలూ కొత్తగా అల్లింది. చివర కర్పూరం నీళ్లు పోసి, కఫన్ చుట్టి, తల దగ్గర, నడుము దగ్గర, కాళ్ల దగ్గర ముళ్లు వేసింది.

తడిక పక్కకు తీసి, బయట నిలబడ్డ రసూల్‌బీ అన్నదమ్ములతో "ఎత్తండి" అంది.