రాక్షసుడి నోట్లో టీ గొట్టం

ఇంగ్లండులో ఒక గ్రహాంతరవాసుల టీవీ సీరియల్‌కు ఇరవై ఏళ్లుగా రాక్షసుల తొడుగులు కుడుతోంది డోరీన్. ఆ వారం నవ్వుల ఎపిసోడ్. రాక్షసుడి వేషం వేసే క్లైవ్‌కు రబ్బరు తల అతికించడం పూర్తయ్యేసరికి సాయంత్రం నాలుగైంది. నాలుగింటి టీని ఆపే మొనగాడు ఆ దేశంలో లేడు.

"టీ తాగాలి డోరీన్," అన్నాడు తొడుగులోంచి క్లైవ్.

"మళ్లీ ఈ తల పీకాలా? రోజూ నా ప్రాణం తోడేస్తున్నావయ్యా."

విసుగెత్తి కత్తెర మొనతో రాక్షసుడి నోట్లో చిల్లు పొడిచి, గొట్టం దూర్చింది. క్లైవ్ జుర్రుతుంటే డైరెక్టరు పగలబడి నవ్వాడు.

"భలే ఉంది. రేపు పదకొండు మంది రాక్షసులూ ఇలాగే తాగాలి."

డోరీన్ కత్తెర ఆయన చేతిలో పెట్టింది.

"మిగతా పదీ మీరే పొడవండి. నా టీ చల్లారిపోతోంది."