ఏ ఊరమ్మా మీది?

గోదావరి మీద రైలు వంతెన రాకముందు రాజమండ్రికి యాత్రికులంతా పడవల్లో దిగేవారు. గట్టు మీద వాళ్ళ కోసం ఉన్న అన్నసత్రాన్ని మా వారు జీతం లేకుండా చూసేవారు. నెలకింత ఇస్తామని సత్రం పెద్దలు మొదట్లోనే అన్నారు. “అన్నం పెట్టే చేతికి కూలేంటండి?” అన్నారీయన. వాళ్ళు మురిసిపోయి శాలువా కప్పారు. శాలువా వండుకు తినలేమని నాకప్పుడే తెలుసు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అన్నారా!

చూసే దిక్కులేక ఉన్న కాస్త పొలం బీడుపడి, ఆఖరికి అమ్ముడుపోయింది. సత్రం గింజ మా గడప తొక్కకూడదని ఈయనే కట్టుబాటు పెట్టారు. పైగా అక్కడ భోజనం పొరుగూరి వాళ్ళకే. విస్తరి ముందు కూర్చున్న ప్రతివారినీ ఏ ఊరని అడిగాకే వడ్డన.

ఒక ద్వాదశి నాడు ఇంట్లో బియ్యం లేవు. మా అత్తగారు ముందురోజంతా ఏకాదశి ఉపవాసం. నేనే అన్నాను, “ముసుగేసుకుని వరసలో కూర్చోండి అత్తయ్యగారూ, అంత జనంలో ఎవరు చూస్తారు?” ఆవిడ కొంగు ముఖం మీదికి లాక్కున్నారు. తర్వాత లేచి, నడిపించమని చేయి చాపారు.

ఆవిణ్ణి కూర్చోబెట్టి నేను గుమ్మం పక్కన నిలబడ్డాను. మా వారు అందరినీ అడుగుతూ వచ్చి ఆవిడ ముందు వంగారు.

“ఏ ఊరమ్మా మీది?”

“కోటిపల్లి, నాయనా” అన్నారావిడ తలెత్తకుండా.

జన్మలో ఆవిడ ఆడిన అబద్ధం అదొక్కటే. గొంతు మార్చడం మాత్రం చేతకాలేదు. ఆయన చేతిలో గరిటె ఆగిపోయింది. కాసేపటికి వడ్డించి, “మారు వడ్డించనా అమ్మా?” అన్నారు. ఆవిడ విస్తరికి చేయి అడ్డం పెట్టారు. ఆకలి తీరలేదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

ఇంట్లో ఆ మాట ఎవరం ఎత్తలేదు. ఆవిడ మళ్ళీ సత్రం వైపు వెళ్ళలేదు. ఆ చలికాలంలోనే పోయారు. పంపింది నేనే కదా అని ఇప్పటికీ ఏడుపొస్తుంది.

పెద్దకర్మ అయ్యాక ఈయన పెద్దల దగ్గరికెళ్ళి జీతం అడిగారు. “మేం మొదటే ఇస్తామన్నాం కదండీ” అన్నారు వాళ్ళు. అంత తేలికైన పని. నాకు ఒళ్ళు మండిపోయింది.

మొదటి జీతంతో సన్నబియ్యం, నెయ్యి తెచ్చారు. మాసికం నాడు తల్లి పేర విస్తరి వేసి, తనే వడ్డించారు. ఖాళీ పీట ముందు వంగి, “మారు వడ్డించనా అమ్మా?” అన్నారు. అడిగి, అన్నం కుప్పగా పోస్తూనే ఉన్నారు. చేయి అడ్డం పెట్టే మనిషి లేదు.