మెడకి పూసిన అయోడిన్

రాసుకో తల్లీ. ఇప్పుడు మీ రిపోర్టుల్లో టీఎస్‌హెచ్ అనీ, డి విటమిన్ అనీ, బి ట్వెల్వ్ అనీ వరసగా ఉంటాయి. పక్కనే ఎంతుండాలో కూడా అచ్చేసి ఇస్తారు. అరవైల చివర్లో నాకు థైరాయిడ్ అన్నప్పుడు రక్తపరీక్షలో వచ్చేది ఒక్కటే అంకె. నా ఎమ్మే ఆ అంకెతోనే పోయింది.

తార్నాకలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం, మీ తాతయ్యా నేనూ. ఆయన యూనివర్సిటీ ఆఫీసులో క్లర్కు. నేను అదే క్యాంపస్‌లో హిస్టరీ, రెండో ఏడు. మా బెజవాడ చుట్టాల్లో పెళ్ళయ్యాక చదువుకుంటున్నది నేనొక్కదాన్నే. పాసైతే కాలేజీలో పాఠాలు చెప్పాలని ఉండేది. అద్దం ముందు చెప్పుకునేదాన్ని కూడా, నవ్వకు.

మెడ ముందు ఉబ్బింది. ఎండల్లో కూడా చలి. సికింద్రాబాద్‌లో ఒక డాక్టరమ్మ చూసి థైరాయిడ్ మాత్రలు రాసింది, రోజూ పొద్దున్నే ఒకటి. రెండు నెలలకి మనిషినయ్యాను. చదివింది బుర్రలో నిలిచేది. మెడ మాత్రం పూర్తిగా తగ్గలేదు. సిగ్గేసి క్లాసులో పమిట మెడచుట్టూ తిప్పి కప్పుకునేదాన్ని. చూడ్డానికొచ్చిన మా అమ్మ టింక్చర్ అయోడిన్ సీసా తెచ్చి చేతిలో పెట్టింది.

"సాయంత్రం నీళ్ళు పోసుకున్నాక పుయ్యవే. గడ్డ కరుగుతుంది."

దూదితో పూసుకోవడం, క్లాసుకి వెళ్ళేముందు మరక పోయేదాకా సబ్బుతో రుద్దుకోవడం. మెడ మండేది. మండితే పనిచేస్తోందనుకునేదాన్ని.

తర్వాత రక్తం ఇస్తే రెండు వారాలకి కాగితం వచ్చింది. డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"అంకె బాగా ఎక్కువుందమ్మా. మాత్ర ఎక్కువైనట్టుంది, సగం చేద్దాం. ఇంకేవైనా మందులు వాడుతున్నావా?"

"మీరిచ్చినవేనండీ."

అబద్ధం చెప్పలేదే. మా ఇళ్ళల్లో మందంటే మింగేది. పైన పూసేదాన్ని ఎవరు లెక్కలో వేస్తారు?

సగం మాత్రకి మెడ మళ్ళీ ఉబ్బింది. ఉబ్బిందని రెండుపూటలా పూశాను. మళ్ళీ రక్తం ఇచ్చాను. అంకె ఇంకా పెరిగింది. ఈసారి మాత్ర పూర్తిగా ఆపేశారు.

అక్కణ్ణించి నేను నేను కాదు. గొంతు బొంగురుపోయింది. మొహం వాచింది. తల దువ్వితే జుట్టు దువ్వెనకే ఉండేది. పుస్తకంలో ఒకే పేజీ పొద్దుణ్ణించి మధ్యాహ్నం దాకా. మీ తాతయ్య చెడ్డవాడు కాదు. కాకపోతే ఫైళ్ళ మనిషి, కాగితమంటే గురి. "రిపోర్టులో ఎక్కువే ఉందిగా, మరి ఇంకా నీరసమేమిటి?" అనేవారు. ఇంటి ఓనరమ్మ అయితే గడపలో నిలబడి ఎగతాళి.

"ఏందమ్మా, పరీక్షలు మీదికొచ్చినయ్, నువ్వు గిట్ల పండుకున్నవ్? మా బర్రె నయం, పొద్దుగాల్నే లేస్తది."

నవ్వేదాన్ని. లోపల మాత్రం నిజమేననిపించేది. ఒంట్లో లోటేమీ లేదని కాగితం చెప్తోందంటే, ఉన్నది నా బద్ధకమేగా.

పరీక్ష మొదటిరోజు ప్రశ్నలన్నీ తెలిసినవే. వాక్యం మొదలుపెడితే చివరికొచ్చేసరికి ఎందుకు మొదలుపెట్టానో తెలిసేది కాదు. పర్యవేక్షణకొచ్చిన పెద్దాయన పక్కన ఆగాడు.

"ఏమ్మా, తబియత్ బాగలేదా? ఇంటికి పోతవా?"

"రాస్తానండీ" అన్నాను. గంట కొట్టేసరికి రెండు పేజీలు. మిగతా పేపర్లూ అంతే. తప్పాను.

ఫలితాలొచ్చాక మూడోసారి రక్తం ఇవ్వడానికి వెళ్ళాను. రక్తం తీసే ఆయన సూది పెట్టబోయి ఆగిపోయాడు.

"గీ మరకేంది, జాకెట్టుకి?"

"అయోడినండీ. మెడకి పూస్తాను."

"ఎన్నొద్దుల సంది?"

చెప్పాను. సూది పళ్ళెంలో పడేశాడు. "అరే, ముందుగాల చెప్పాలె గదమ్మా! ఈ పరీక్షల మేం చూసేదే నెత్తుర్ల అయోడిన్ ఎంతున్నదని. నువ్వు పూసింది చర్మంలకెళ్ళి లోపలికి పోయి ఆ లెక్కల కలిసింది. మాకేమో మాత్ర ఎక్కువైనట్టు కనవడ్తది."

డాక్టరమ్మ తల పట్టుకుంది. సీసా పారేయమని, మాత్ర మళ్ళీ మొదలుపెట్టింది. నాలుగు నెలలకి ఒళ్ళు బాగుపడింది. గొంతు వచ్చింది, మొహం వాపు తీసింది. అమ్మకి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

మరుసటేడు మీ తాతయ్య పరీక్ష ఫారం తెచ్చారు. అంతా ఆయనే నింపి, సంతకం చోటు ఖాళీగా ఉంచారు.

"పెట్టు."

"రేపు పెడతాను."

పుస్తకం తీస్తే రెండు పేజీల దగ్గర ఆగిపోయిన ఆ చెయ్యే కనిపించేది. మాత్రలొచ్చినా, రాయగలనన్న నమ్మకం మాత్రం తిరిగి రాలేదు. ఆఖరు తేదీ దాటిపోయింది. ఆయన రెండోసారి అడగలేదు. నన్ను నొప్పించకూడదని ఊరుకున్నారో, ఇది నాకు చేతకాదని ఆయనకీ అనిపించిందో, ఆయన బతికుండగా అడగలేకపోయాను.