ముప్పై ఎనిమిది కోళ్లు, ఒక బకెట్ నల్లా నీళ్లు

పెట్టలు ఎనిమిది, పుంజులు రెండు, పిల్లలు పదహారు. ఈ ఇరవై ఆరు నావి. వెనక సందులో ఉండే మరియమ్మక్కవి ఒక తల్లి, పదకొండు పిల్లలు. 2022 వేసవిలో, నాంపల్లిలో, తొమ్మిది రోజుల్లో పోయినవి మొత్తం ముప్పై ఎనిమిది.

మిద్దె మీద రకాలు కలిపి కోళ్లు పెంచి, పిల్లలు అమ్మడం నా పని. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చూసింది నోట్‌బుక్కులో రాసుకుంటూ నేర్చుకున్నాను. ఎక్కువ గుడ్లు పెట్టే తెల్లకోడి పొదగదు. పొదిగే నాటుకోడి గుడ్లు తక్కువ పెడుతుంది. ఆ రెండు గుణాలూ ఒక్క కోడిలో రావాలనే క్రాసింగ్ చేస్తాం. ఆబిడ్స్‌లో ఒక బడిలో వంట చేసే మరియమ్మక్క దగ్గర ఎర్రకోడి ఉండేది. అది మంచి బ్రూడీ, అంటే గుడ్ల మీద కదలకుండా కూర్చునే కోడి. కింద పన్నెండు గుడ్లు పెడితే పదకొండు పిల్లలకు తక్కువ లేపేది కాదు. నా క్రాసింగ్ మొదలైంది దాని గుడ్లతోనే.

ఆ ఏడు కొక్కెర తెగులు వస్తోందని విని అఫ్జల్‌గంజ్‌లో వ్యాక్సిన్ కొన్నాను. చిన్న సీసాయే వంద డోసులు. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఐసు కొని, అందులో పెట్టి తెచ్చాను. కోడికి ఇన్ని మిల్లీలీటర్లని లెక్కగట్టి బకెట్‌లో కలిపి, మిగిలింది అక్క కోళ్లకు పట్టుకెళ్లాను.

"ఏ నీళ్లల్ల కలిపినవ్ తమ్మీ?"

"సాఫ్ నీళ్లే అక్కా. ఇప్పుడే పట్టిన నల్లావి."

"మందు వాసన వస్తయి గదా గవి. నేనైతే ఒక దినం కుండల ఉంచి పోస్త. లేకుంటే ముట్టయి."

"నీ కోళ్లకు నఖరాలు ఎక్కువ. లెక్క పక్కాగా చేసిన, ఫికర్ చెయ్యకు."

"నీ లెక్కకేమైతది తియ్. కోడి తుమ్మినా రాసుకుంటవ్."

నెల తిరగకముందే తెగులు వచ్చింది. మెడలు వంకర్లు పోయి ఒక్కొక్కటే పడిపోయాయి. పశువుల దవాఖానలో డాక్టరు కూడా నన్ను అదే అడిగాడు, ఏ నీళ్లని. వ్యాక్సిన్ అంటే బలం తగ్గించిన బతికున్న క్రిమి. నల్లా నీళ్లలోని క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. వంద డోసులూ బకెట్‌లోనే చచ్చిపోయాయి.

అన్నిటికంటే చివర ఎర్రకోడి పోయింది. చచ్చిన పిల్లల మీద రెక్కలు పరుచుకునే ఉంది. తప్పు నాదేనని అక్కకు చెప్పాను.

"వాసన వస్తదని చెప్పిన గదా తమ్మీ" అంది. తర్వాత, "పిల్లలదేముంది, మళ్ల అయితయి. నాకు కూసునే కోడి గావాలె" అంది.

ఇప్పుడు కాచి చల్లార్చిన నీళ్లే వాడుతున్నాను. కొలిచేముందు వాసన చూస్తాను. నా నోట్‌బుక్కులో అన్నిటికీ గడులుండేవి, నీళ్లకు లేదు. ఇప్పుడు మొదటి గడి అదే.

పిల్లలు పదకొండూ ఏడాదిలోనే అక్కకు ఇచ్చేశాను. ఎర్రకోడికి పుట్టిన పుంజునొకదాన్ని అంతకుముందే కోఠిలో ఒకాయనకు అమ్మి ఉన్నాను. తల్లి గుణం దిగుతుందని దాన్ని అడిగి తెచ్చుకుని ఇప్పటికి ఆరు పెట్టలను తీశాను. ఆరూ గుడ్లు బాగా పెడతాయి. ఒక్కటీ కూర్చోదు.

మరియమ్మక్కకు నా బాకీ ఇంకా ఒక తల్లి.